చెవులక్కకు నేనిచ్చిన ఐదో మెట్టు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల నడుమ, సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలో, ఎవరు ఎవరికంటే ఎంత ఎత్తులో ఉండాలో తేల్చినవాణ్ణి నేనే. ఇవాళ అమీర్‌పేటలో ఏ టిఫిన్ బండి దగ్గర నిలబడినా, మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకున్న పిల్లలు "నేనింకా ఎల్ ఫోర్ లెవెల్‌లోనే ఉన్నా, వాడప్పుడే ఎల్ ఫైవ్ అయిపోయాడు" అని ఇడ్లీ నములుతూ దిగులుపడుతుంటారు. అది విన్నప్పుడల్లా "ఒరే నాయనా, ఆ మెట్లు కట్టిన తాపీమేస్త్రీని నేనేరా" అని చెప్పాలని నాలుక దురద పెడుతుంది. ఒకసారి చెప్పాను కూడా. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా "ఓ, నిజమా అంకుల్" అని, ఇంకొంచెం చట్నీ వేయించుకుని వెళ్లిపోయింది. (నిజం కాదు. మెట్లు కట్టినవాళ్లు వేరే. నేను వాళ్లకు పెన్సిళ్లు చెక్కి, ఫారాలు మోసి, మనుషుల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది రాసుకొచ్చేవాణ్ణి. కానీ సగం జీవితం గడిచాక పెన్సిలు చెక్కినవాడికి కూడా తానే సంతకం పెట్టినట్టు అనిపిస్తుంది. అది వయసు చేసే మేలు.)

మా ఆఫీసు పంజాగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల, ఒక కళ్లజోళ్ల దుకాణం పైన ఉండేది. రెండు గదులు, నాలుగు బల్లలు, ఒక టైపు మిషను. దాని అధిపతి ఏదో పెద్ద కార్ఖానాలో సిబ్బంది వ్యవహారాలు చూసి రిటైరైన పెద్దమనిషి. మనుషులు చేసే పనులను తూచడమే ఆయన వ్యాపారం కనుక మేము చాటున ఆయన్ని "తక్కెడ గారు" అనేవాళ్లం. ఆ "మేము"లో రెండోవాడు టైపిస్టు. ఎర్రమంజిల్ వైపు నుంచి సైకిలు మీద వచ్చేవాడు, అందరికీ టైపు భాయ్. నాకంటే రెండేళ్లు పెద్ద, నాకంటే ఇరవయ్యేళ్లు ఎక్కువ తెలివి. కృష్ణా జిల్లా నుంచి బీకాం పట్టా చంకన పెట్టుకుని దిగి, అమీర్‌పేటలో ముగ్గురితో కలిసి ఒక గదిలో పడుకునే నాకు ఈ ఊరి భాష, బస్సు నంబర్లు, చాయ్ తాగే పద్ధతి నేర్పింది ఆయనే.

ఇంతకూ మేం చేసే పనేమిటంటారా? ఒక ఫ్యాక్టరీ యజమాని తన మనుషులకు పక్క ఫ్యాక్టరీ కంటే తక్కువ ఇస్తున్నాడా ఎక్కువ ఇస్తున్నాడా అని తెలుసుకోవాలనుకుంటాడు. పేర్లు చూసి పోలిస్తే తేలదు. ఒకచోట హెడ్ క్లర్క్ అంటే ఆయన కింద ఆరుగురు గుమాస్తాలు. పక్క ఫ్యాక్టరీలో హెడ్ క్లర్క్ కింద ఆయన కుర్చీ తప్ప మరేమీ ఉండదు. జీతం పెంచమని అడిగిన ప్రతిసారీ జీతం పెంచకుండా పేరు మాత్రం పెంచి పంపించే గడుసు యజమానులుండేవారు మరి. అందుకని పేర్లు పక్కన పెట్టి పనిని తూచాలి. దానికి ఎంత తెలిసుండాలి, ఎంత బాధ్యత, ఎంత శ్రమ, ఎలాంటి చోట చేయాలి అని నాలుగు వైపులా మార్కులు వేసి, కూడి, ఒకటి నుంచి ఏడు దాకా ఏదో ఒక మెట్టు మీద నిలబెట్టాలి. అప్పుడు ఇక్కడి మూడో మెట్టును అక్కడి మూడో మెట్టుతో పోల్చవచ్చు. ఏడు పైది, ఒకటి అడుగుది. తక్కెడ గారు రోజుకొకసారైనా చెప్పే మాట ఒకటుంది: "పనిని తూచవయ్యా, మనిషిని తూచకు. మనిషి ఇవాళ ఉంటాడు రేపు పోతాడు, పని ఉంటుంది." నేను తల ఊపేవాణ్ణి. ఆ మాటలో గొయ్యి ఎక్కడుందో అప్పుడు తెలీదు.

నాకున్న రోగం ఒక్కటే. ఏ పనైనా సరే, నా కలం కిందికి వచ్చేసరికి ఉబ్బిపోయేది. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాదారు మీసం దువ్వుకుంటూ "నేను రాకుంటే ఈడ పనే షురూ గాదు సారు" అన్నాడు. నేను "సంస్థ దైనందిన కార్యకలాపాల ప్రారంభానికి ప్రథమ బాధ్యత వహించును" అని రాశాను. తక్కెడ గారు ఎర్ర పెన్నుతో ఆ వాక్యం మొత్తం కొట్టేసి పైన "తాళం తీయును" అని రాశారు. ఇలాంటివి వారానికి నాలుగైనా అయ్యేవి. "ఏమయ్యా, నిన్ను పెళ్లిచూపులకు పంపిస్తే పిల్ల వాళ్లకు ఏం చెబుతావో నాకు భయంగా ఉంది" అనేవారాయన.

అలాంటి రోజుల్లో సనత్‌నగర్‌లో మోటార్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీ పని మాకొచ్చింది. మూడు రోజులు అక్కడే కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి రాసుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం రిజిస్టరులో "హెల్పర్, ఊడ్చు పని" అని ఉన్న ఒకావిడ దగ్గరికి వెళ్తే ఆవిడ చేతిలో చీపురు లేదు. తయారైన మోటార్లు వరసగా తిరుగుతున్న బల్ల ముందు ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. జానెడు పొడవు స్క్రూడ్రైవర్ మొనను తిరుగుతున్న మోటారు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి పెట్టుకుని, కళ్లు మూసుకుంది. కాసేపటికి కళ్లు తెరిచి, సుద్దముక్కతో ఆ మోటారు మీద ఒక గీత గీసింది. పక్కదాని మీద అడ్డంగా ఇంటూ గుర్తు పెట్టింది. గీత ఉన్నది బయటికి అమ్మకానికి, ఇంటూ ఉన్నది వెనక్కి విప్పడానికి. అంతే. ఫ్యాక్టరీ అంతా ఆవిణ్ణి చెవులక్క అంటారు.

"మీరు ఏం పని చేస్తారమ్మా?" అన్నాను ఫారం తీసి.

"మోటర్లు ఇంటా."

"అంటే?"

"అంటే ఏముంది సారు. ఇంటా. మంచిదైతే మంచిదంటా, కాకుంటే కాదంటా."

"ఎలా తెలుస్తుంది?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మీ ఇంట్ల పప్పు మాడితే మీ అమ్మకు ఎట్ల ఎరుకైతది?" అని, స్క్రూడ్రైవర్ నా చెవికి ఆనించింది. నాకు రైలు పోతున్నట్టు వినిపించింది. "గిది బాగుంది. ఇగ గిది ఇను. ఇండ్ల ఇసుక రాలినట్టు లేదా? లోపల బేరింగు పాడైంది. నెల తిరగకముందే కాలిపోతది." నాకు రెండోది కూడా అదే రైలు. ("స్పష్టంగా తేడా తెలిసింది" అని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. ఏమీ తెలియలేదు.)

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఎనిమిదేళ్ల కిందట ఆవిడ నిజంగానే ఊడవడానికి వచ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ ఏదో ఒక మోటారు దగ్గర ఆగి మొహం చిట్లించేది. ముసలి మేస్త్రీ ఒకాయన అది కనిపెట్టాడు. ఆవిడ మొహం చిట్లించినవన్నీ విప్పి చూస్తే లోపల ఏదో ఒకటి చెడి ఉంది. అప్పట్నుంచి చీపురు తీసేసి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. రిజిస్టరు మార్చడం మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు. మేస్త్రీ రిటైరై వెళ్లిపోయాడు. ఆవిడ గీసిన గీత మీదే ఆ ఫ్యాక్టరీ సరుకు అంతా బయటికి పోతుంది, జీతం మాత్రం చీపురుదే.

ఇక నా ఫారం సంగతి. చదువు: లేదు. నడిపే యంత్రం: లేదు. రాసే కాగితాలు: లేవు. కింద పనిచేసేవాళ్లు: లేరు. అన్ని గళ్లలోనూ గీతే. కూడితే ఒకటో మెట్టు. పూలకుండీలకు నీళ్లు పోసే ఆయన పక్కన. నేను కూడిక చేస్తుంటే ఆవిడ మెడ వంచి చూసి, "ఎంతొచ్చింది సారు?" అంది.

"ఒకటి."

మొహం ఇంత చేసుకుంది. "ఒకటి వచ్చిందా! మా బిడ్డకు బడిల ఒకటో నంబరు వస్తే గల్లీ అంతా బత్తీస మిఠాయి పంచినం."

ఒకటి అంటే ఇక్కడ అడుగున ఉండేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, "బాగుందమ్మా, బాగుంది" అంటూ బస్సెక్కాను.

ఆ సాయంత్రం అమీర్‌పేట గదిలో కూర్చుని కొత్త ఫారం తీశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా అబద్ధం ఎప్పుడూ రాయలేదు. స్క్రూడ్రైవర్ "ధ్వని గ్రహణ సాధనం" అయింది. వినడం "శబ్ద విశ్లేషణ ద్వారా యంత్రాంతర్గత లోపముల నిర్ధారణ" అయింది. సుద్దగీత "తుది నాణ్యతా ధ్రువీకరణ" అయింది. ఆవిడకు లేని కింది ఉద్యోగులను కూడా సృష్టించాను. ఇంటూ పెట్టిన మోటార్లను వెనక్కి మోసుకెళ్లే ఇద్దరు హమాలీలు "ఆమె సాంకేతిక సూచనల మేరకు" పనిచేసేవాళ్లయ్యారు. కూడితే ఐదో మెట్టు వచ్చింది. నాకే కళ్లు చెమర్చాయి.

మర్నాడు టైపు భాయ్ ఆ కాగితం చదివి మిషను మీంచి చేతులు తీసేశాడు. "యే క్యా హై భాయ్? ఈమె మోటర్ల డాక్టరా? ఆపరేషన్ సుత చేస్తదా?"

"కొట్టు భాయ్, న్యాయం జరగాలి."

"ఇన్సాఫ్ అయితే మంచిదే. గానీ ఇంత బరువు ఆమె నెత్తిమీద పెడుతున్నవ్, జర సోచాయించు."

నేనేమీ సోచాయించలేదు. పైగా తక్కెడ గారు ఆ వారం బెంగుళూరు వెళ్లారు. ఆయన ఎర్ర పెన్ను తిరిగి వచ్చేలోపు కాగితాలన్నీ కట్టకట్టి ఫ్యాక్టరీకి పంపించేశాను. (పొరపాటున వెళ్లిపోయాయని ఆయనకు చెప్పాను. పొరపాటు కాదు. పోస్టాఫీసుకు నేనే పరుగెత్తాను.)

పది రోజుల్లో మోటార్ల ఫ్యాక్టరీ మేనేజరు నుంచి ఉత్తరం వచ్చింది. ఎంతో గౌరవంగా రాశాడు. తమ సంస్థలో ఇంత కీలకమైన ఉద్యోగం ఒకటి ఉందని ఇన్నాళ్లూ గమనించనందుకు విచారిస్తున్నామన్నాడు. మీరిచ్చిన పట్టికలోనే ఐదో మెట్టుకు కనీస అర్హత సాంకేతిక డిప్లొమా అని ఉంది కాబట్టి, తగిన అభ్యర్థి కోసం పత్రికలో ప్రకటన ఇస్తున్నామన్నాడు. ప్రస్తుతం ఆ పని చూస్తున్న హెల్పర్‌ను, అర్హత లేనందున, రిజిస్టరులో ఉన్న ఆమె అసలు పనికి, అంటే ఊడవడానికి, తిరిగి పంపుతున్నామన్నాడు. ఏ మెట్టుకు ఎంత చదువుండాలో చెప్పే ఆ పట్టిక నా చేతులతో నేనే రాసిచ్చాను. ఐదుకు ఎదురుగా డిప్లొమా అని నా దస్తూరీలోనే ఉంది. పనిని అంత ఎత్తు మీద పెట్టాను, చేసే మనిషి చెయ్యి అందకుండా పోయింది.

టైపు భాయ్ ఉత్తరం మడిచి నా జేబులో పెట్టి, "పో భాయ్. ముందుగాల ఆమెకు చెప్పు. ఇంకెవరో చెప్పేకన్న నీ నోటితోనే ఇనాలె" అన్నాడు.

వెళ్లాను. భోజనాల వేళ. చెవులక్క గోడ నీడన కూర్చుని జొన్నరొట్టె తుంచుకుంటోంది. నేను మెట్లు, మార్కులు, పట్టిక అన్నీ చెప్పాను. మధ్యలో ఎన్నిసార్లు "నా ఉద్దేశం మంచిదే" అన్నానో లెక్కలేదు. ఆవిడ అంతా విని, రొట్టె కింద పెట్టింది.

"అంటే నేను చేసే పనికి నేను పనికి రానన్నట్టా?"

"అలా కాదమ్మా..."

"మరెట్ల? ఎనిమిదేండ్ల సంది చేస్తున్న. నీ కాగితం వచ్చేదాంక ఎవ్వడూ నన్ను లేవమనలే."

చీపురుకు భయపడే మనిషి కాదావిడ. కానీ ఆ పీట మీద కూర్చున్నప్పుడు మేనేజరు కూడా ఆవిడ కళ్లు తెరిచేదాకా ఆగేవాడు. ఆ ఆగడం పోతుందని ఆవిడ మొహంలో కనిపించింది. చివరికి తనే అంది: "ఏడ చెప్పాలె గిది? ఎవరున్నరు మీ మీద?"

"మా పెద్దాయన ఉన్నారు. గురువారం మీ మేనేజరు గారు కూడా మా ఆఫీసుకొస్తారు, మెట్లన్నీ ఖాయం చేసుకోవడానికి."

"అయితే నేను సుత వస్త. నువ్వు రాసిందేందో చదువు, నేను ఇంటా. ఇనుడే కదా నా పని."

గురువారం ఆవిడ సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని, పంజాగుట్టలో బస్సు దిగింది. నేను కిందనే నిలబడి ఉన్నాను. లోపల తక్కెడ గారు, ఆయన ఎదురుగా మేనేజరు, మూలన మిషను దగ్గర టైపు భాయ్. తక్కెడ గారి చేతిలో నేను రాసిన కాగితం. చదివేకొద్దీ ఆయన కనుబొమలు పైకి పోతున్నాయి. చివరికి కళ్లజోడు తీసి, "ఇది రాసిందెవరు?" అన్నారు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. గొంతు గట్టిగా పలికింది. "నేనేనండీ. అందులో సగం ఉబ్బు. ఆవిడ చేసేది ఒక్కటే, వినడం. కానీ ఆ ఒక్కటీ ఆ ఫ్యాక్టరీలో ఇంకెవరికీ చేతకాదు" అన్నాను. మేనేజరు వైపు తిరిగాను. "అయ్యా, మీరు తీసుకోబోయే డిప్లొమా అబ్బాయికి ఈ పని ఎవరు నేర్పుతారు?" ఆయన కాస్త తడబడి, "ఆవిడే నేర్పాలి" అన్నాడు. "నేర్పేశాక ఆవిడ కిందికి దిగి, ఆ అబ్బాయి పీట చుట్టూ ఊడవాలా?" అన్నాను. మూలన మిషను ఆగిపోయింది. తక్కెడ గారు చాలాసేపు బల్ల మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్లుగా పనినే తూచిన మనిషి, మొదటిసారి పనిని పట్టుకున్న మనిషిని చూశారు.

ఆ తర్వాత జరిగింది చాలా మామూలుగా జరిగింది. ఎర్ర పెన్ను తీసి నా కాగితమంతా కొట్టేశారు. పైన "మోటార్ల శబ్దం విని, మంచివీ చెడ్డవీ వేరుచేయును. ఆమె మాటే ఆఖరు" అని రాశారు. మళ్లీ కూడారు. మూడో మెట్టు వచ్చింది. దానికి ఎదురుగా పదో తరగతి పాస్ అని ఉంది. దాని పక్కన "లేదా ఆ పనిలో తగినంత అనుభవం" అని చేర్చి, పట్టికను టైపు భాయ్ ముందు పెట్టారు. "అన్ని మెట్లకూ చేర్చవయ్యా, ఏడుకు కూడా" అన్నారు. ఏడు మెట్ల మీదా ఏడుసార్లు "లేదా" కొట్టాడు టైపు భాయ్. ఒకటో మెట్టుకు అసలు అర్హతే అక్కర్లేదు, అయినా దానికీ కొట్టేశాడు. చెవులక్క పేరు హెల్పర్ల రిజిస్టరులోంచి తీసి, పీట ఆవిడకే ఉంచారు. మూడంటే మంచిదేనా అని ఆవిడ అడగలేదు. "రేపు పనికి పోవచ్చు కదా" అని మాత్రం అడిగింది. మేనేజరు పోవచ్చన్నాడు.

నా మెట్టు ఎంతో నేనెప్పుడూ అడగలేదు. మనుషులను తూచే ఆఫీసులో మమ్మల్ని తూచినవాళ్లు లేరు. తర్వాత ఎన్నో ఉద్యోగాలు మారాను. పెద్ద పెద్ద పేర్లున్న కుర్చీల్లో కూర్చున్నాను. (అంత పెద్దవి కావు. ఒకదానికి చెయ్యి ఊడిపోయి ఉండేది.) ఇప్పుడు సాయంత్రాలు పంజాగుట్ట వైపు నడిచి వెళ్తే, మా కళ్లజోళ్ల దుకాణం ఎక్కడుండేదో కూడా గుర్తుపట్టలేను. కానీ పెన్సిలు చెవి మీద దోపుకుని, ప్రపంచంలో ఉన్న ప్రతివాణ్ణీ రెండు మెట్లు పైకి నెట్టేయాలని ఆరాటపడిన ఆ కుర్రాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. వాడి కలాన్ని లాక్కోవాలనిపిస్తుంది, వాడి వీపు మీద తట్టాలనీ అనిపిస్తుంది. ఏది ముందు చేయాలో తేల్చుకునేలోపే నవ్వొచ్చేస్తుంది.

ఇదంతా రాసి మొన్న ఎర్రమంజిల్‌లో టైపు భాయ్ ఇంటికి తీసుకెళ్లి చదివి వినిపించాను. ఇప్పుడు ఆయనకు చూపు తగ్గింది. దిండుకు ఆనుకుని, కళ్లు మూసుకుని, ఒక్క ముక్క వదలకుండా విన్నాడు. "మస్తు రాసినవ్ భాయ్" అన్నాడు. నేను పొంగిపోయి కాగితాలు సర్దుకుంటున్నాను.

"గానీ గురువారం దగ్గర ఝూట్ ఉంది."

"ఏంటి భాయ్ ఆ అబద్ధం?"

"సాబ్ 'ఇది రాసిందెవరు' అని అడిగినప్పుడు నువ్వు నా దిక్కు చూసినవ్. నేను టైపు చేసిన కదా, నా మీద పడుతదేమో అని. నీ నోట్లకెళ్లి ఒక్క మాట రాలే. ఆమెనే చెప్పింది, 'సారు నా మీద ప్రేమతోని, పావురంతోని జర ఎక్కువ రాసిండు, ఆయన్ని ఏమనకుండ్రి' అని. పోరగానికి పని ఎవరు నేర్పాలె అని అడిగింది సుత ఆమెనే. ఊడ్చే మాట సుత ఆమెదే."

ఆయన దిండు సరిచేసుకున్నాడు.

"లేచి నిలబడ్డవ్, గది సచ్. గానీ మాట్లాడనీకె కాదు. ఆమెకు కుర్చీ లేకుండె, నీది ఇచ్చినవ్."